వేలు పెట్టినా మెషీన్ పలకట్లేదా? కంప్యూటర్‌లో ‘ఫిల్టర్ డ్రైవర్ల’ వరుస ఎందుకంత కీలకం?

పల్నాడు జిల్లా బొల్లాపల్లి నుంచి మీ అమ్మగారు ఫోన్ చేశారనుకోండి. ‘‘సచివాలయానికి పోయొచ్చాను. వేలు పెడితే మెషీన్ తీసుకోలా. కంప్యూటర్‌లో ఏదో తేడా వచ్చిందంట, రేపు రమ్మన్నారు’’ అన్నారు. మీరేమో హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఆఫీసులో ఉన్నారు. మీకు వెంటనే తట్టే కారణాలు మూడు. నెట్ లేకపోవచ్చు, సర్వర్ డౌన్ అయి ఉండొచ్చు, లేదంటే పొలం పనులతో అమ్మ వేలిగీతలు అరిగిపోయి ఉండొచ్చు.

నాలుగో కారణం ఒకటుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్కానర్ బాగానే ఉంటుంది, నెట్ ఉంటుంది, సర్వర్ కూడా పనిచేస్తూనే ఉంటుంది. కానీ స్కానర్‌కీ, తెర మీద కనిపించే అప్లికేషన్‌కీ మధ్య కంప్యూటర్ లోపల కొన్ని చిన్న ప్రోగ్రాములు వరుసగా కూర్చుని ఉంటాయి. వాటిలో ఒక్కటి మొరాయించినా పని ఆగిపోతుంది. వాటినే ‘ఫిల్టర్ డ్రైవర్లు’ అంటారు.

అవి ఏ వరుసలో ఉంటాయి? ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తారు? అది తప్పితే ఏమవుతుంది? 2024 జులైలో ప్రపంచమంతా నీలి తెరలు చూసిన రోజుకూ దీనికీ సంబంధం ఏమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

డ్రైవర్ అంటే ఏమిటి? ఫిల్టర్ డ్రైవర్ అంటే?

ప్రింటర్, కీబోర్డు, వేలిముద్ర స్కానర్ లాంటి పరికరాలతో ఆపరేటింగ్ సిస్టమ్ నేరుగా మాట్లాడలేదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీనే డ్రైవర్. అయితే విండోస్‌లో ఒక పరికరానికి ఒకే డ్రైవర్ ఉండదు. కొన్ని డ్రైవర్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఈ దొంతరను ‘డివైస్ స్టాక్’ అంటారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఆదాయ ధ్రువపత్రం అర్జీని గుర్తు చేసుకోండి. మీరు సచివాలయంలో ఇచ్చిన అర్జీ వీఆర్‌వో, ఆర్‌ఐ చేతులు దాటి తహసీల్దార్ దాకా వెళ్తుంది. ఒక్కొక్కరూ చూసి, తమ మాట రాసి తర్వాతి వారికి పంపుతారు. కంప్యూటర్‌లోనూ అంతే. ‘వేలిముద్ర తీసుకో’ అనే అభ్యర్థన అప్లికేషన్ నుంచి బయల్దేరి, దొంతరలో పై నుంచి కిందికి ఒక్కో డ్రైవర్ చేతిలోంచి వెళ్తుంది. పరికరం ఇచ్చిన జవాబు అదే దారిలో కింది నుంచి పైకి వస్తుంది.

ఈ దొంతరలో అసలు పని తెలిసిన డ్రైవర్ ఒకటే. దాన్ని ‘ఫంక్షన్ డ్రైవర్’ అంటారు. దానికి పైనో, కిందో చేరి, వచ్చీపోయే సమాచారాన్ని చూసే, మార్చే, అవసరమైతే ఆపేసే డ్రైవర్లే ఫిల్టర్ డ్రైవర్లు. యాంటీవైరస్, పెన్‌డ్రైవ్‌లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్, బ్యాకప్ ప్రోగ్రాములు ఎక్కువగా ఈ దారినే పనిచేస్తాయి.

వరుసలో ఎవరు ఎక్కడ కూర్చుంటారు?

విండోస్‌లో దీనికి స్పష్టమైన పద్ధతి ఉంది. అన్నిటికన్నా అడుగున ‘బస్ డ్రైవర్’ ఉంటుంది. యూఎస్‌బీ స్కానర్ అయితే, పోర్టులో ఏదో పరికరం పెట్టారని మొదట గుర్తించేది యూఎస్‌బీ బస్ డ్రైవరే. దానిపైన ‘కింది ఫిల్టర్లు’, వాటిపైన ఫంక్షన్ డ్రైవర్, ఆ పైన ‘పై ఫిల్టర్లు’ ఉంటాయి.

ఈ ఫిల్టర్లలో మళ్లీ రెండు రకాలున్నాయి. కొన్ని ఒక్క పరికరానికే పరిమితం. కొన్ని ఆ తరగతి మొత్తానికి, అంటే కంప్యూటర్‌కు తగిలించిన కీబోర్డులన్నిటికీ లేదా డిస్కులన్నిటికీ వర్తిస్తాయి. కింది ఫిల్టర్లలోనూ, పై ఫిల్టర్లలోనూ మొదట పరికరానికి చెందినవి చేరతాయి, ఆ తర్వాత తరగతికి చెందినవి చేరతాయి. దొంతర కింది నుంచి పైకి కడతారు కాబట్టి, తర్వాత చేరిన డ్రైవర్ పైన ఉంటుంది.

ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తారు?

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటును ‘రిజిస్ట్రీ’ అంటారు. అందులో ‘అప్పర్‌ఫిల్టర్స్’, ‘లోయర్‌ఫిల్టర్స్’ అనే రెండు జాబితాలుంటాయి. వాటిలో డ్రైవర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. ఒక జాబితాలో ఎన్ని పేర్లున్నా, రాసిన క్రమంలోనే అవి దొంతరలో చేరతాయి.

మరి ఆ పేర్లు ఎవరు రాస్తారు? మీరు ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేరే రాసుకుంటుంది. ఎక్కువ ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తమ డ్రైవర్ పేరును జాబితా చివర చేర్చేసి పోతాయి. అంటే చాలా ఏళ్లపాటు ఈ వరుసను నడిపించింది ‘ఏది ముఖ్యం’ అన్న ఆలోచన కాదు, ‘ఏది ముందు ఇన్‌స్టాల్ అయింది’ అన్న యాదృచ్ఛికమే. రెండు కంప్యూటర్లలో ఒకే సాఫ్ట్‌వేర్లున్నా, ఇన్‌స్టాల్ చేసిన క్రమం వేరైతే లోపలి వరుస వేరు కావొచ్చు.

ఈ ఇబ్బందిని సరిచేయడానికి మైక్రోసాఫ్ట్ 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి కొత్త పద్ధతి తెచ్చింది. డ్రైవర్ తయారు చేసేవారు జాబితా చివర పేరు అతికించకుండా, తమ ఫిల్టర్ ఏ స్థాయిలో కూర్చోవాలో ముందే ప్రకటించవచ్చు. అయితే పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లు కూడా పనిచేస్తూనే ఉన్నాయి.

వరుస మారితే నష్టమేమిటి?

ఒక ఉదాహరణ చూడండి. విండోస్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌కు ఒక ఫిల్టర్ ఉంది. ఫైళ్ల పాత నకళ్లను దాచే ‘వాల్యూమ్ స్నాప్‌షాట్’కు మరో ఫిల్టర్ ఉంది. బిట్‌లాకర్ కింద, స్నాప్‌షాట్ పైన ఉంటాయి. అందుకే స్నాప్‌షాట్ దాచే నకళ్లు కూడా బిట్‌లాకర్ మీదుగానే డిస్కులోకి వెళ్తాయి, ఎన్‌క్రిప్ట్ అయిపోతాయి. ఈ రెండూ తారుమారైతే ఆ హామీ ఉండదు. రెండు డ్రైవర్లలోనూ ఏ లోపమూ లేకపోయినా, చోటు మారినందుకే భద్రత పోతుంది.

ఫైళ్లను గమనించే ఫిల్టర్ల విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే అక్కడ మైక్రోసాఫ్ట్ వేరే లెక్క పెట్టింది. ప్రతి ఫిల్టర్‌కూ ‘ఆల్టిట్యూడ్’, అంటే ఎత్తు అనే సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను తయారీదారు ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవడం కుదరదు, మైక్రోసాఫ్టే కేటాయిస్తుంది. సంఖ్య పెద్దదైతే దొంతరలో పైన ఉన్నట్టు.

యాంటీవైరస్ ఫిల్టర్లకు 3,20,000తో మొదలయ్యే శ్రేణి, ఎన్‌క్రిప్షన్ ఫిల్టర్లకు 1,40,000తో మొదలయ్యే శ్రేణి ఇచ్చారు. అంటే యాంటీవైరస్ పైన, ఎన్‌క్రిప్షన్ కింద. మీరు ఒక ఫైలు తెరిస్తే, డిస్కులోంచి వచ్చే సమాచారం ముందు ఎన్‌క్రిప్షన్ ఫిల్టర్ దగ్గర విడిపోయి మామూలు రూపంలోకి వస్తుంది. ఆ తర్వాత యాంటీవైరస్ దాన్ని చూస్తుంది. ఇది తలకిందులైతే యాంటీవైరస్‌కు కనిపించేది గజిబిజి అక్షరాలే. వైరస్ కళ్లముందే పోతున్నా అది ‘అంతా బాగుంది’ అనే చెబుతుంది.

పేరు మిగిలి, డ్రైవర్ లేకపోతే?

చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా తగిలే సమస్య ఇదే. ఎవరో ఒక సాఫ్ట్‌వేర్ వేశారు, తర్వాత తీసేశారు. అది వెళ్తూ తన డ్రైవర్ ఫైలును తీసుకెళ్లింది కానీ, రిజిస్ట్రీ జాబితాలో తన పేరును మాత్రం వదిలేసి పోయింది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే, విండోస్ ఆ పేరు చూసి డ్రైవర్ కోసం వెతుకుతుంది. దొరకదు. అప్పుడు ‘పోనీలే’ అని మిగతా వాటితో ముందుకు పోదు. ఆ పరికరాన్నే ఆపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతుంది. కోడ్ 39 లాంటి ఎర్రర్ కనిపిస్తుంది. ఒకప్పుడు సీడీ డ్రైవులు ఉన్నట్టుండి మాయమవడానికి ఎక్కువగా కారణం ఇదే.

దీనికి ఇంటర్నెట్‌లో దొరికే చిట్కా ‘ఆ రెండు జాబితాలూ డిలీట్ చేసేయండి’ అని. సీడీ డ్రైవు విషయంలో అది చాలాసార్లు పనిచేసింది. కానీ అన్నిచోట్లా అదే చేస్తే కొంప మునుగుతుంది. కీబోర్డు తరగతిలోని అప్పర్‌ఫిల్టర్స్ జాబితాలో విండోస్ సొంత డ్రైవర్ పేరే ఉంటుంది. దాన్ని తీసేస్తే కీబోర్డు పనిచేయదు. డిస్కుల తరగతిలోనూ అంతే. అక్కడున్న పేరు తీసేస్తే అసలు కంప్యూటరే బూట్ కాకపోవచ్చు. తీయాల్సింది చెడిపోయిన ఆ ఒక్క పేరును మాత్రమే, జాబితా మొత్తాన్ని కాదు.

2024 జులై 19న ఏం జరిగింది?

ఆ శుక్రవారం భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ భద్రత సంస్థ తన ‘ఫాల్కన్’ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. 10.57కి వెనక్కి తీసుకుంది. మధ్యలో గడిచింది 78 నిమిషాలు. ఆ లోపే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర మీద ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మొత్తం విండోస్ కంప్యూటర్లలో అది ఒక శాతం కూడా కాదు. అయినా విమానాలు, ఆస్పత్రులు, బ్యాంకులు అతలాకుతలం అయ్యాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

ఫాల్కన్‌కు చెందిన డ్రైవర్ విండోస్‌లో ఫైల్ సిస్టమ్ ఫిల్టర్‌గా నమోదై ఉంటుందని మైక్రోసాఫ్ట్ తర్వాత ఇచ్చిన విశ్లేషణలో వివరించింది. అయితే ఆ రోజు తప్పు జరిగింది వరుసలో కాదు. అప్‌డేట్‌లోని నిర్వచనం 21 అంశాలుంటాయని చెప్పింది, ప్రోగ్రాము అందించింది 20 మాత్రమే. లేని 21వ దాన్ని చదవబోయి డ్రైవర్ కూలిపోయింది.

ఒక మామూలు యాప్ ఇలా కూలితే ఆ యాప్ మాత్రమే మూతపడుతుంది. కానీ ఈ డ్రైవర్లు ‘కెర్నల్’లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో నడుస్తాయి. అక్కడ ఒకరు పడితే అందరూ పడతారు. పైగా ఇది కంప్యూటర్ ఆన్ అవుతూనే లోడయ్యే డ్రైవర్. కాబట్టి రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ కూలింది. చాలాచోట్ల సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తొలగించాల్సి వచ్చింది.

దీన్ని బట్టి తెలిసేది ఒక్కటే. వరుస సరిగా ఉంటే ఎవరు ఏం చూడగలరో అదుపులో పెట్టొచ్చు. కానీ వరుసలో కూర్చున్న వారిలో ఒకరు కుప్పకూలితే, ఏ వరుసా కాపాడలేదు. దొంతరలో చోటు ఇచ్చామంటే పూర్తి నమ్మకం ఇచ్చినట్టే.

మన ప్రభుత్వ సేవలకు ఆ రోజు పెద్ద దెబ్బ తగల్లేదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నెట్‌వర్క్‌పై ప్రభావం లేదని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రకటించారు. 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థల్లో మాత్రమే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఊరట కలిగించే మాటే. కానీ మన వ్యవస్థలు గట్టివని దీనికి అర్థం కాదు. ఆ రోజు కూలిన ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ మన దగ్గర అంతగా లేదు, అంతే.

మీ వేలిముద్రకు దీంతో ఏం సంబంధం?

ఆధార్ వ్యవస్థ ఈ దొంతరను మొదటి నుంచీ అనుమానంతోనే చూస్తోంది. 2017లో యూఐడీఏఐ ‘రిజిస్టర్డ్ డివైస్’ నిబంధన తెచ్చింది. అంటే నమోదైన స్కానర్లే వాడాలి, తీసిన ప్రతి వేలిముద్రా ఎన్‌క్రిప్ట్ అయి, ఆ పరికరం డిజిటల్ సంతకంతో వెళ్లాలి. పాత వేలిముద్రను దాచిపెట్టుకుని మళ్లీ వాడకుండా ఆపడమే దీని ఉద్దేశం.

వీటిలో రెండు స్థాయిలున్నాయి. ఎల్‌0 పరికరంలో ఎన్‌క్రిప్షన్, సంతకం రెండూ కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో ఉన్న సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎల్‌1లో అవి పరికరం లోపలి సురక్షిత భాగంలోనే జరిగిపోతాయి.

ఇప్పటిదాకా చెప్పుకున్న దొంతరను గుర్తు తెచ్చుకుంటే తేడా మీకే అర్థమవుతుంది. ఎల్‌0లో స్కానర్ నుంచి బయల్దేరిన వేలిముద్ర, ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్‌ను చేరేలోపు డ్రైవర్ల చేతుల మీదుగా వస్తుంది. ఆ దారిలో దుర్బుద్ధితో ఒక ఫిల్టర్‌ను కూర్చోబెడితే, సిద్ధాంతపరంగా అది వేలిముద్రను చూడగలదు. ఎల్‌1లో ఆ ఫిల్టర్‌కు కనిపించేది తాళం వేసిన పెట్టె మాత్రమే. యూఐడీఏఐ ఎల్‌0 నుంచి ఎల్‌1కు మారమని పట్టుబట్టడం వెనక ఉన్న సంగతి ఇదే.

అయితే ఒక్క మాట. ఎల్‌1 వల్ల మధ్యలో ఉన్నవాడు మీ వేలిముద్రను చూడలేడు. కానీ ఆపగలడు. తాళం వేసిన పెట్టె కూడా అదే దొంతర మీదుగా పైకి రావాలి కదా! జాబితాలో ఒక చెడ్డ పేరు మిగిలి ఉంటే ఎల్‌1 స్కానర్ కూడా పలకదు. గోప్యత వేరు, సేవ అందడం వేరు. మొదటిదానికి పరిష్కారం వచ్చింది. రెండోదానికి ఇంకా పూర్తిగా రాలేదు.

ఇప్పుడేం మారుతోంది?

క్రౌడ్‌స్ట్రైక్ ఘటన తర్వాత మైక్రోసాఫ్ట్ 2024 నవంబరులో ‘విండోస్ రెజీలియెన్సీ ఇనీషియేటివ్’ ప్రకటించింది. యాంటీవైరస్ లాంటి భద్రతా సాఫ్ట్‌వేర్లను కెర్నల్ నుంచి బయటికి తెచ్చి, మామూలు యాప్‌ల మాదిరిగా నడపడం ఇందులో ముఖ్యమైన భాగం. కూలినా అవి మాత్రమే కూలుతాయి. ఇందుకు కావాల్సిన వేదికను 2025లో కొన్ని భద్రతా సంస్థలకు పరీక్ష కోసం ఇచ్చింది. యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో 2019 నుంచే ఈ దారి పట్టింది.

మన దగ్గర చేయాల్సింది ఇంకా సులువు. ప్రజాసేవల కంప్యూటర్లలో అవసరం లేని సాఫ్ట్‌వేర్ వేయకూడదు. అప్‌డేట్‌ను అన్నిచోట్లా ఒకేసారి కాకుండా ముందు కొన్ని కంప్యూటర్లలో వేసి, ఒకరోజు చూసి మిగతా వాటికి పంపాలి. క్రౌడ్‌స్ట్రైక్ కూడా ఆ దెబ్బ తర్వాత దశలవారీగా పంపుతామని చెప్పింది. కొత్త స్కానర్ ఇచ్చేటప్పుడు పాత స్కానర్ డ్రైవర్‌ను సరిగా తొలగించడం కూడా పనిలో భాగం కావాలి.

మీరు ఏం చేయొచ్చు?

మీ కంప్యూటర్‌లో ఏయే ఫిల్టర్లున్నాయో మీరే చూడొచ్చు. డివైస్ మేనేజర్‌లో పరికరం మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో పై ఫిల్టర్లు, కింది ఫిల్టర్లు అన్న అంశాలు వెతకండి. మీకు గుర్తులేని పేరు కనిపిస్తే ముందు అది ఏ సాఫ్ట్‌వేర్‌దో కనుక్కోండి. తొందరపడి తీసేయకండి. రిజిస్ట్రీలో చేయి పెట్టాల్సి వస్తే బ్యాకప్ తీసుకోకుండా ముట్టుకోవద్దు. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు యాంటీవైరస్‌లు వేయడం మానేయండి.

ఇక బొల్లాపల్లిలో ఉన్న మీ అమ్మగారి సంగతి. ఆవిడకు డ్రైవర్ల గురించి తెలియక్కర్లేదు. కానీ ఒక్క విషయం తెలియాలి. 2017 అక్టోబరు 24న యూఐడీఏఐ రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. రేషన్, ఇతర సంక్షేమ పథకాల్లో వేలిముద్ర పడలేదనో, నెట్‌వర్క్ లేదనో, సాంకేతిక సమస్య అనో అర్హులను తిప్పి పంపొద్దని అందులో స్పష్టంగా ఉంది. ఆధార్ కార్డు చూసి సరుకు ఇవ్వాలి, ఆ సంగతి మినహాయింపుల రిజిస్టరులో రాయాలి. కాబట్టి ‘రేపు రండి’ అన్నప్పుడు, ‘‘రిజిస్టరులో రాసి ఇవ్వండి’’ అని అడిగే హక్కు ఆవిడకు ఉంది. ఫోన్‌లో ఈ ఒక్క ముక్క చెప్పండి.

శంషాబాద్‌లో కంప్యూటర్ ఆగిపోయిన రోజున పెన్ను, కాగితం ఉన్నాయి కాబట్టే చాలామంది విమానం ఎక్కగలిగారు. చేత్తో రాసిన ఆ పాసులను చూసి అందరం నవ్వుకున్నాం. కానీ ఆ రోజు నిలబడింది అదే. సచివాలయంలోనూ, రేషన్ డిపోలోనూ ఆ రిజిస్టరు బల్ల మీదే ఉండాలి, అటక మీద కాదు.